కోనసముద్రం ఉక్కు: మూసలో పుట్టిన బలం

ఉక్కు అంటే కార్బన్ కలిసిన ఇనుము. ఆ కార్బన్ ఎంత ఉంది, లోహంలో ఏ రూపంలో సర్దుకుంది అన్న రెండు సంగతులే దాని గట్టిదనాన్నీ, సాగే గుణాన్నీ చాలావరకు నిర్ణయిస్తాయి. ఇళ్లూ వంతెనలూ కట్టే మెత్తటి ఉక్కులో కార్బన్ 0.2 శాతం దగ్గర ఉంటుంది. దక్కన్ కమ్మరులు మూసల్లో కరిగించి తీసిన ఉక్కులో అది సుమారు 1.5 శాతం. అంత కార్బన్ ఉన్న లోహం దెబ్బకు పగిలిపోవాలి. కానీ పర్షియాలో పేరుమోసిన కత్తులు దానితోనే తయారయ్యాయి. యూరప్ వాళ్లు దీన్ని ‘వూట్జ్’ అన్నారు. ఉక్కు అన్న మన మాటే వాళ్ల నోట అలా మారిందని ఎక్కువమంది అభిప్రాయం.

ఈ ఉక్కుకు పేరుపడ్డ ఊళ్లలో నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఒకటి. 1832లో అచ్చయిన, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ రాసిన వర్ణనలో అక్కడి పని తీరు కనిపిస్తుంది. రెండు చోట్ల తీసిన రెండు రకాల ఇనుమును మూసలో కలిపి కరిగించేవారు. మైసూరు, సేలం వైపు పద్ధతి వేరు: మెత్తటి ఇనుముకు తంగేడు కట్టె, పచ్చి ఆకులు చేర్చి మూసను మట్టితో మూసేసేవారు. కట్టె మాడి ఇచ్చిన కార్బన్‌ను ఇనుము పీల్చుకునేది. కోనసముద్రం సరుకు కోసం ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారు. అంత దూరం నుంచి వచ్చి కొన్నారంటే నాణ్యతకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మూస తయారీయే ఒక విద్య. ఇనుము కరిగే వేడికి మామూలు కుండమట్టి నిలవదు. అందుకే మట్టిలో వడ్ల ఊక దండిగా కలిపేవారు. విరిగిన మూస పెంకును దగ్గరగా చూస్తే నల్లటి గోడ నిండా ఊక ముద్రలు కనిపిస్తాయి. మట్టి కరగబోయే వేడిలో కూడా కాలిన ఊకలో మిగిలిన సిలికా, బొగ్గు కలిసి గోడకు అస్థిపంజరంలా నిలిచాయి. వరి పండే నేలలో చేతికందే వస్తువుతో సాధించిన గొప్ప ఉపాయం ఇది.

కరిగిన లోహం మూసలోనే నెమ్మదిగా చల్లారేది. అప్పుడు అదనపు కార్బన్ ఇనుముతో కలిసి సిమెంటైట్ అనే గట్టి, పెళుసు పదార్థంగా స్ఫటిక రేణువుల అంచుల్లో వలలా పరుచుకుంటుంది. దెబ్బ పడితే పగులు ఆ వల వెంటే పరుగెడుతుంది. అందుకే ఉక్కు ముద్దలకు మట్టి పూసి, గంటల తరబడి కాచి చల్లార్చి, మళ్లీ కాచేవారు. తరువాత ఎర్రటి వేడి దాటనివ్వకుండా చిన్న దెబ్బలతో సాగగొట్టాలి. వల తెగి సిమెంటైట్ సన్నని రేణువులుగా చెదురుతుంది. గట్టిదనం ఆ రేణువులది, సాగే గుణం చుట్టూ ఉన్న మెత్తటి ఇనుముది. తెల్లటి వేడిలో ఇనుము కొట్టడానికి అలవాటుపడ్డ యూరప్ కమ్మరుల చేతిలో ఇదే ముద్ద ముక్కలైంది. లోపం లోహంలో లేదు, వేడిలో ఉంది.

కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే 1819 నుంచి కొన్నేళ్లు ఈ ఉక్కును పరీక్షించాడు, రహస్యం మాత్రం చిక్కలేదు. స్టాన్‌ఫర్డ్‌లో ఆలెగ్ షెర్బీది మరో దారి. వేడి మీద లోహం నెమ్మదిగా సాగే తీరును ఏళ్ల తరబడి అధ్యయనం చేసినవాడు ఆయన. 1970లలో తోటి పరిశోధకులతో కలిసి, 1 నుంచి 2.1 శాతం దాకా కార్బన్ ఉన్న ఉక్కులో రేణువులను మైక్రాన్ స్థాయికి సన్నబరిస్తే, అది ఎర్రటి వేడిలో తీగపాకంలా తెగకుండా అనేక రెట్లు సాగుతుందని చూపాడు. చల్లారాక గట్టిదనం ఎక్కడికీ పోదు. పాత కత్తుల ఉక్కులో కార్బన్ పాలు కూడా సరిగ్గా ఈ హద్దుల్లోనే ఉందని ఆయనా, తోటి పరిశోధకుడు జెఫ్రీ వాడ్స్‌వర్తూ గుర్తించారు.

ఈ ఉక్కుతో చేసిన పాత కత్తుల మీద కనిపించే నీటి అలల్లాంటి చారల ముడి 1990లలో వీడింది. అయోవా శాస్త్రవేత్త జాన్ వెర్హోవెన్, కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రే కలిసి అలాంటి కత్తులనే తయారుచేశారు. ఖనిజంలోంచి వచ్చిన వనేడియం 0.02 శాతం కూడా లేకున్నా, కాచి కొట్టిన ప్రతిసారీ సిమెంటైట్ రేణువులను వరుసల్లోకి చేరుస్తుందని తేల్చారు. వనేడియం లాంటి మలినం లేని ఖనిజం వాడితే ఎంత నేర్పరి కొట్టినా చారలు రావు. ఆ విద్య అంతరించడానికి ఇదీ ఒక కారణం కావచ్చని వాళ్ల ఊహ.