బావమరిది పట్టిన తాడు

1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కలిగినవాడు. కోర్టులో దుబాసీగా పెద్ద ఉద్యోగం చేశాడు. పల్లకీ, బోయీలు, వెంట పెద్ద పరివారం. ఆయన దారిలో నల్లమల ఎక్కి శ్రీశైలం దర్శించుకొని, కృష్ణ దాటి, పానుగల్లు, వనపర్తి మీదుగా మన పాలమూరు నేల తొక్కుకుంటూ హైదరాబాదు చేరాడు. చూసిందల్లా రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపితే, ఆయన 1838లో దాన్ని 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించాడు. డబ్బున్న మనిషి తీరిగ్గా దేశం తిరిగి, ఊళ్లూ గుళ్లూ మనుషుల నడతా చూసి రావడం మనకు కొత్త కాదని చెప్పడానికి ఆ ఒక్క పుస్తకం చాలు.

ఇవాళ ట్రావెల్ కంపెనీలు మొరాకో పేరుతో అమ్ముతున్నదీ ఇదే. అట్లాస్ కొండల్లో బెర్బర్ పల్లెలు, మర్రాకెష్, ఫెస్ లాంటి పాత నగరాలు, సహారా అంచున డేరాలో ఒక రాత్రి. హైదరాబాదు నుంచి మనవాళ్లూ పోతున్నారు. పోయి చూడవలసిన నేలే అది. అయితే ఆ కొండల్లో యాత్రికుడు దేనికోసం అంత ఖర్చు పెడుతున్నాడో ఒకసారి చూడాలి. పరుపు, భోజనం ఎక్కడైనా దొరుకుతాయి. ఆ కొండను తరతరాలుగా ఎరిగిన మనిషి వెంట నడవడం అక్కడే దొరుకుతుంది. అలాంటి మనుషులు, నల్లమల అడవి తెగ చెంచులు, అచ్చంపేట పక్కనే ఉన్నారు. వాళ్ల విద్యకు మనం ఇప్పటికీ సరైన ధర కట్టలేదు. నా బాధ అది.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద హాజీపూర్ చౌరస్తా దాటి ముందుకు పోతే మన్ననూర్ దగ్గర అడవి గేటు వస్తుంది. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. కోర్, బఫర్ కలిపి 2,611 చదరపు కిలోమీటర్లు. రాత్రి 9 దాటితే పొద్దున 6 దాకా బండ్లను లోపలికి వదలరు. శని, ఆదివారాలు వచ్చాయంటే కార్లు వరుస కడతాయి. ఫరహాబాద్ దగ్గర సఫారీ, వటవర్లపల్లి దాటాక మల్లెలతీర్థం, దోమలపెంట దగ్గర ఆక్టోపస్ వ్యూ పాయింట్, అట్నుంచటే శ్రీశైలం డ్యామ్. ఫొటోలు దిగి సాయంత్రానికి తిరుగుముఖం. ఆ రోడ్డుకు అటూ ఇటూ లోపల అప్పాపూర్, రాంపూర్, మల్లాపూర్, సార్లపల్లి, కుడిచింతలబైలు లాంటి చెంచు పెంటలు, గూడేలు ఉన్నాయన్న సంగతి చాలా కార్లకు తెలియదు.

చెంచుల గురించి బయటి లోకానికి వివరంగా చెప్పిన మొదటివాడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1940లో ఈ అమ్రాబాద్ పీఠభూమికి వచ్చి పెంటల్లో డేరా వేసుకొని, వాళ్లతో తిరిగి, 1943లో చెంచుల మీద పెద్ద పుస్తకం వేశాడు. తడికె గోడల మీద శంకువులా నిలబడే గడ్డికప్పు గుడిసె, ఇనుప మొన ఉన్న తవ్వుకోల, విల్లంబులు, అడవి దేవత గారెల మైసమ్మకు వేటలో పెట్టే తొలి భాగం అన్నీ అందులో ఉన్నాయి. ఒక్కో పెంటకు తనదైన అడవి హద్దు ఉంటుందని, ఏ వాగు ఎవరిదో, ఏ గుట్ట ఎవరిదో అందరికీ తెలుసని ఆయన గమనించాడు. హద్దురాళ్లు లేవు, కాగితాలు లేవు, అయినా తగాదాలు తక్కువ.

వీళ్ల విద్యల్లో తేనె తీయడాన్ని మించింది నాకు మరొకటి కనబడలేదు. నల్లమలలో తేనె ఒక రకం కాదు. పొదల్లో చిన్న ఈగలు పెట్టే జుంటితేనె వేరు, చెట్టు తొర్రల్లో దొరికేది వేరు, కొండచరియ కింద, పెద్ద చెట్ల కొమ్మలకు వేలాడే పెద్ద ఈగ తుట్టెలు వేరు. ఈ చివరిది ప్రాణంతో చెలగాటం. లోయ మీదికి వంగిన రాతి అంచు కింద, పైనుంచి చూసినా కనబడని చోట ఆ ఈగ తుట్టె పెడుతుంది. దాన్ని వెతకడమే ఒక చదువు. ఎండాకాలం వాగులు ఎండి, ఎక్కడో ఒక చెలిమెలో నీళ్లు మిగిలినప్పుడు ఈగలు అక్కడికి వస్తాయి. చెంచు అక్కడ కూర్చుని, నీళ్లు తాగి లేచిన ఈగ ఏ దిక్కుకు సూటిగా పోతోందో, మళ్లీ ఎంతసేపటికి తిరిగొస్తోందో చూస్తాడు. దిక్కు తెలిస్తే సగం పని అయినట్టే. మిగతా సగం ఏ గుట్టకు ఏ వైపు నీడ పడుతుందో తెలిసినవాడికి తెలుస్తుంది.

ఇక దిగడం. చెట్టు నారతో, అడవి తీగలతో పేనిన పొడుగాటి తాడును కొండ పైన గట్టి చెట్టుకు బిగిస్తారు. దాన్ని పట్టుకొని ఒక మనిషి అంచు దాటి కిందికి దిగుతాడు. చేతిలో పచ్చి ఆకుల కట్ట, దాని నడుమ నిప్పు. పచ్చి ఆకు మండదు, పొగ చిమ్ముతుంది. ఆ పొగ తుట్టె కిందికి పోయేలా గాలిని చూసుకొని పట్టాలి. గాలి మళ్లిందంటే పొగ మనిషి ముఖానికి కొడుతుంది, ఈగలు కూడా వెంటే వస్తాయి. ఈగలు లేచాక వాటంగా చెక్కిన కర్రతో తుట్టెను కోసి, కింద ఆనించిన బుట్టలోకో డబ్బాలోకో పడేలా చూడాలి. ఇదంతా ఒక కాలు రాతికి తన్ని, ఒక చెయ్యి తాడు వదలకుండా. కింద లోయ.

పైన ఆ తాడు దగ్గర ఎవరుండాలన్నది చెంచుల్లో తిరుగులేని కట్టుబాటు. దిగినవాడి బావమరిది ఉండాలి. అన్న కాదు, తమ్ముడు కాదు. తోడబుట్టినవాడికి ఎంత ప్రేమ ఉన్నా ఆస్తి పంపకమో, వదిన మీద చూపో, పాత కక్షో ఒక్క క్షణం మనసును పక్కకు తిప్పవచ్చు. బావమరిదికి ఆ దారి లేదు. తాడు తెగితే తెగేది అతని అక్కాచెల్లెళ్ల పుస్తె. ఒక మనిషి ప్రాణాన్ని మరొకరి చేతిలో పెట్టే ముందు ఎవరి కష్టం ఎవరికి ఎంత తగులుతుందో ఇంత లోతుగా లెక్క కట్టిన సమాజం ఇది. భద్రత అంటే హెల్మెట్, బెల్టు అనుకునే మనం ఈ ఏర్పాటు ముందు కాసేపు ఆగాలి. పెళ్లి సంబంధం కలుపుకునే రోజునే, ఎండాకాలం కొండ మీద తాడు ఎవరు పట్టాలో కూడా తేలిపోతుంది.

పెద్ద ఈగ తుట్టె ఒకే పలకగా ఉంటుంది. పైన ఒక కొసన ఉన్న మందపు భాగంలో తేనె ఉంటుంది, మిగతా భాగంలో పిల్లలు. అంతా కోసేస్తే ఆ సంతానం పోతుంది. తేనె ఉన్న భాగాన్నే తీసి మిగతాది వదిలేస్తే ఈగలు మళ్లీ వచ్చి అక్కడే నింపుతాయి. తీసినదాన్ని చేత్తో పిసకకుండా, గుడ్డలో వేలాడదీసి కారనిస్తే తేనె చెడదు, పురుగు రసం కలవదు. నేరేడు పూసినప్పుడు వచ్చే తేనె నల్లగా, కొంచెం చేదుగా ఉంటుంది. నగరంలో దాన్ని కల్తీ అనుకొని తిప్పి పంపినవాళ్లు ఉన్నారు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ తేనె, బంక, చిల్లగింజలు, కుంకుళ్లు కొంటూ వచ్చింది. అది లేకపోతే దళారి చేతిలో చెంచు ఇంకా నలిగేవాడు. కానీ కిలో లెక్కన కొన్న తేనెలో కొండ దిగిన విద్యకు విలువ కనబడదు.

మిగతా విద్యలు తేనెంత భయపెట్టేవి కావు, అందుకే ఎవరూ పట్టించుకోరు. గడ్డ తవ్వేటప్పుడు తీగ మొదలును, గడ్డ తలను తిరిగి గుంతలో పెట్టి మన్ను కప్పుతారు. వచ్చే ఏడు అదే చోట గడ్డ ఉంటుంది. ఎండిన వాగులో ఇసుక ఎక్కడ తోడితే చెలిమె పడుతుందో ఒడ్డున చెట్లను చూసి చెబుతారు. నీళ్లు బురదగా వస్తే కుండ లోపలి వైపు చిల్లగింజను కాసేపు అరగదీస్తారు. ఒక పూట ఆగితే మట్టి అడుగుకు దిగి పైన తేట నీళ్లు నిలుస్తాయి. కొండముచ్చు దగ్గు, దుప్పి కేక, కణితి అరుపు ఏ వరుసలో వచ్చాయో విని పులి ఎటు నడుస్తోందో చెబుతారు. నిజాం కాలంలో ఫరహాబాద్ వేట విడిదికి దొరలు వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ పక్కనే సఫారీ జీపులు. అడవిని చదివి చెప్పాల్సింది అప్పుడూ చెంచే, ఇప్పుడూ చెంచే. అటవీశాఖ బేస్ క్యాంపుల్లో కాపలా తిరిగే వాచర్లలో చెంచు యువకులు ఎందరో ఉన్నారు. ఆ కొలువు వాళ్లకు నప్పింది, ఇంకా చాలామందికి దక్కాలి.

యాత్రికుడికి చెంచు ఆతిథ్యం ఎలా ఉంటుందో ఏడాదికోసారి అందరూ చూసే చోటు సలేశ్వరం. లింగాల మండలంలో, అడవి నడుమ, లోతైన లోయ అడుగున గుహలో లింగమయ్య. పైనుంచి జలపాతం నేరుగా గుండంలోకి దూకుతుంది. చైత్ర పున్నానికి జాతర. బండ్లు ఒకచోట ఆగిపోతాయి, ఆ తర్వాత రాళ్ల మీద నడకే. ఇటు కొండ, అటు అగాధం, నడుమ ఒక్క మనిషి పట్టే దారి. దిగేవాళ్లు "వస్తున్నం లింగమయ్యా" అని, ఎక్కేవాళ్లు "పోయొస్తం లింగమయ్యా" అని అరుస్తుంటారు. లోయంతా ఆ కేకలే. అక్కడ పూజారి చెంచు. కోటీశ్వరుడైనా, కూలీ అయినా అతని చేతి నుంచే తీర్థం తీసుకోవాలి. శ్రీశైల క్షేత్రానికి ఉత్తర ద్వారమైన ఉమామహేశ్వరంలో మెట్లు, సత్రాలు, ఘాట్ రోడ్డు వచ్చాయి. అచ్చంపేట నుంచి ఎప్పుడైనా పోయి రావచ్చు. సలేశ్వరం మాత్రం అలా లొంగలేదు. లొంగకూడదని నా కోరిక. అక్కడికి రోడ్డు వేయాలనే మాట జాతర వచ్చినప్పుడల్లా వినబడుతుంది. రోడ్డు పడిన రోజున ఆ లోయలో నీళ్లుంటాయో లేదో చెప్పలేం గానీ, దారి చూపే చెంచు అవసరం మాత్రం తీరిపోతుంది.

దారి చూపే మనిషికీ అతని ఊరికీ యాత్రికుడి డబ్బు ఎలా అందాలో చెప్పడానికి మొరాకోలో ఒక ఉదాహరణ ఉంది. 4,167 మీటర్ల తూబ్కల్ శిఖరం కింద ఇమ్లిల్ అనే పల్లె. బెర్బర్లని లోకం పిలిచే అమజిగ్ ప్రజల ఊరు. పాడుబడిన ఒక కోటను బాగు చేసి 1995లో అక్కడ కస్బా దు తూబ్కల్ పేరుతో విడిది తెరిచారు. బస ఖరీదైనదే. కానీ అతిథి బిల్లులో 5 శాతం అదనంగా వేసి ఆ సొమ్మును గ్రామ సంఘానికి ఇస్తారు. దానితో అంబులెన్సు వచ్చింది, ఊరి స్నానశాల వచ్చింది, చెత్త ఎత్తే ఏర్పాటు వచ్చింది. కంచరగాడిదలు తోలేవాళ్లు, వంటవాళ్లు, కొండ గైడ్లు అందరూ ఆ లోయ మనుషులే. ఆ వ్యవస్థలో లోపాలే లేవని అనను. కానీ యాత్రికుడి డబ్బు ఏ జేబులోకి పోతోందో అక్కడ బిల్లు మీదే కనబడుతుంది.

మన దగ్గర మన్ననూర్‌లో మట్టి ఇళ్లు, సఫారీ, అడవి నడకతో కలిపి అటవీశాఖ 2021 నుంచి పర్యాటకుల ప్యాకేజీ నడుపుతోంది. మంచి ప్రయత్నమే. దాని మీద ఇంకో మెట్టు కట్టాలి. ఎనిమిది మందికి మించని జట్టు, ముందు నడిచే చెంచు పెద్ద, అతను ఎటు పొమ్మంటే అటు, ఎక్కడ ఆగమంటే అక్కడ. పెంటలోకి పిలిస్తేనే పోవాలి, పిలవకపోతే గుడిసె వైపు కెమెరా తిప్పకూడదు. డబ్బిచ్చామని ఆడించడం, పాడించడం ఉండకూడదు. తేనె తీయడం చూపించమని అడగనే కూడదు, అది వాళ్ల బతుకు, ప్రాణం మీదికి తెచ్చుకునే పని. తాడు పేనడం, పొగ కట్ట కట్టడం, చెలిమె తోడడం, జాడ చదవడం నేర్పగలరు. అలా నేర్పే మనిషికి కూలీ రేటు సరిపోదు. సంగీతం నేర్పే గురువుకు ఇచ్చినట్టు ఇవ్వాలి.

ఇది దయతో అడిగే మాట కాదు. 2006 అటవీ హక్కుల చట్టం చెంచుల లాంటి బాగా వెనుకబడిన ఆదిమ తెగలకు నివాస ప్రాంతం మీద హక్కు ఇచ్చింది, సంప్రదాయ జ్ఞానం మీద సమష్టి హక్కునూ రాసింది. మరోవైపు పులుల కోర్ ప్రాంతం నుంచి బయటికి వస్తే కుటుంబానికి 15 లక్షల రూపాయలిస్తామన్న పునరావాస పథకం ఉంది. పోవాలనుకున్న కుటుంబాన్ని ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా. బడి, ఆసుపత్రి, కరెంటు అందరికీ కావాలి. కానీ ఉండాలనుకున్న కుటుంబానికి అడవిలోనే బతుకుతెరువు చూపించగలిగితేనే ఆ ఎంపిక నిజమైన ఎంపిక అవుతుంది. 2019లో యురేనియం తవ్వకాలు వస్తాయన్నప్పుడు నల్లమల ఊళ్లన్నీ లేచాయి, శాసనసభ కూడా వద్దని తీర్మానం చేసింది. ఆ రోజు అడవిని కాపాడుకోవడానికి వచ్చిన పట్టుదల, అడవి మనిషికి సంపాదన చూపడంలోనూ రావాలి.

మొదటి అడుగుకు చట్టం మార్చనక్కరలేదు. మన్ననూర్‌లో ఇచ్చే రసీదు మీద బస ధర, సఫారీ ధర ఉన్నట్టే, వేరే వరుసలో చెంచు గురువు పారితోషికం ఎంతో అంకెల్లో వేయాలి. ఆ కింద పెంట సంఘానికి పోయే వాటా ఎంతో వేయాలి. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కార్యాలయం ఉన్నది ఆ మన్ననూర్‌లోనే, ఖాతాలు తెరిపించడం దానికి తెలిసిన పనే. వచ్చే చైత్ర పున్నానికి ముందే ఇది మొదలుపెట్టవచ్చు.