మిశ్ర ఇతివృత్తంగా పూర్వగాథా చిత్రం: 'నైట్‌మేర్ ఆఫ్ ది వుల్ఫ్'లో అపవాదు, అపరాధం

వ్యాససంగ్రహం:
పోలిష్ రచయిత ఆంజెయ్ సప్కోవ్‌స్కీ 'విచర్' గాథలకు పూర్వకథగా 2021లో విడుదలైన యానిమేషన్ చిత్రం 'ది విచర్: నైట్‌మేర్ ఆఫ్ ది వుల్ఫ్'. మూలనవలలో అపవాదు వల్ల జరిగిన హత్యాకాండకు ఈ చిత్రం నిజమైన అపరాధాన్ని కారణంగా కల్పించింది. ఆ మార్పు కథను ఎక్కడ బలపరిచిందో, ఎక్కడ బలహీనపరిచిందో ఇతివృత్త విభాగం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పూర్వగాథ, మిశ్ర ఇతివృత్తం, అనుసృజన, విచర్, అపవాదు, సామూహిక శిక్ష.

1. ఉపోద్ఘాతం:
ముగింపు ముందే తెలిసిన కథను చెప్పడం మన కావ్యసంప్రదాయానికి కొత్త కాదు. ఆలంకారికులు ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించారు. వసుచరిత్ర అవతారికలో రామరాజభూషణుడు కేవల కల్పితకథలను కృత్రిమరత్నాలతోను, పూర్వకథలను సహజరత్నాలతోను, కవికల్పన తోడైన పూర్వకథలను సానపట్టిన రత్నాలతోను పోల్చి, మూడవదానికే పెద్దపీట వేశాడు. సినీపరిశ్రమ 'ప్రీక్వెల్' అని పిలిచే పూర్వగాథా చిత్రం లక్షణరీత్యా ఈ మూడవ కోవకే చెందుతుంది. ముగింపు ప్రఖ్యాతం, దానికి దారితీసిన కారణాలు ఉత్పాద్యం. కాబట్టి అటువంటి చిత్రాన్ని అంచనా వేసేటప్పుడు కల్పన ఎంత ఉన్నదన్నది ప్రధానం కాదు. ఆ సాన రత్నానికి మెరుగు పెట్టిందా, దాని ఆకృతినే మార్చిందా అన్నది ప్రధానం.

2. మూలంలోని సంఘటన:
సప్కోవ్‌స్కీ తొలి విచర్ కథ 1986లో 'ఫాంతాస్తికా' పత్రికలో వెలువడింది. విచర్లు బాల్యంలోనే మంత్రౌషధాలతో శరీరధర్మం మార్చబడి, కూలికి రాక్షసజీవులను వేటాడేవారు. వారి కోట కేర్ మోర్హెన్‌పై గుంపులు దాడిచేసి అధికసంఖ్యాకులను చంపిన వృత్తాంతం 1994 నాటి నవల 'బ్లడ్ ఆఫ్ ఎల్వ్స్'లో జ్ఞాపకరూపంలో మాత్రమే వస్తుంది. కోట కందకంలో నాటి ఎముకలు ఇంకా పడి ఉంటాయి. ఆ దాడికి ప్రజలను రెచ్చగొట్టినది 'మాన్‌స్ట్రమ్' అనే అజ్ఞాతకర్తృక గ్రంథం. ఆ గ్రంథభాగాన్ని రచయిత ఒక అధ్యాయానికి ముందు ఉంచాడు. విచర్లు ప్రకృతివిరుద్ధులు, నీచులు అని నిందించే ఆ మాటలు చదివిన పాఠకుడికి, వెంటనే అదే కోటలో ఒక అనాథ బాలికను తమకు చేతనైనట్లు పెంచుతున్న విచర్లు కనిపిస్తారు. వ్యాఖ్య లేకుండానే నింద వీగిపోతుంది. ఐరోపాలో యూదులపైనా, మంత్రగత్తెలని ముద్రపడిన స్త్రీలపైనా జరిగిన హింసకు ఇటువంటి రాతలు తోడ్పడిన చరిత్ర తెలిసినవారికి ఈ నిర్మాణంలోని గాఢత స్పష్టమవుతుంది.

3. చిత్రంలోని కల్పన:
బో డిమేయో రచనకు హాన్ క్వాంగ్ ఇల్ దర్శకత్వం వహించగా, దక్షిణ కొరియాకు చెందిన స్టూడియో మీర్ ఈ చిత్రాన్ని రూపొందించింది. 2021 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. నవలల్లో వృద్ధగురువైన వెసెమిర్ ఇక్కడ యువనాయకుడు. సంపన్నగృహంలో సేవకుడిగా ఉన్న బాలుడు డెగ్లన్ అనే విచర్ చేతిలోని నాణేలను చూసి ఆ వృత్తికి ఆకర్షితుడవుతాడు. బాల్యస్నేహితురాలు ఇల్యానాను వదిలి వెళతాడు. దశాబ్దాల తర్వాత ఆమె వృద్ధురాలు, అతడు యువకుడు. విచర్ జీవితానికి చెల్లించవలసిన మూల్యాన్ని చిత్రం ఈ ఒక్క వ్యత్యాసంతో చూపింది. సంభాషణల కన్నా ఇది శక్తిమంతం.

చిత్రంలోని కీలకమైన కల్పన వేరొకటి. రాక్షసజీవులు తగ్గిపోతే విచర్ల అవసరం తీరిపోతుంది. అందువల్ల డెగ్లన్, కోటలోని మాంత్రికుడు కలిసి కొత్త రాక్షసజీవులను తయారుచేస్తారు. అపహరణకు గురై ఆ ప్రయోగాలకు బలైనవారు ఎల్ఫ్ జాతి బాలికలు. రక్షణను అమ్ముకొనే వ్యవస్థ తన మనుగడ కోసం ప్రమాదాన్ని ఉత్పత్తి చేస్తుందన్న ఈ ఊహ మూలంలోని 'కూలి' అన్న అంశం నుంచే సహజంగా మొలిచింది. ఇంతవరకు సాన రత్నానికి మెరుగే పెట్టింది.

4. అపవాదు నిజమైనప్పుడు:
చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నవలలో అబద్ధమైన నింద చిత్రంలో ముఖ్యాంశంలో నిజమైంది. విచర్లను ద్వేషించే మాంత్రికురాలు టెట్రా గిల్‌క్రెస్ట్ చేతికి సాక్ష్యం దొరికింది. బాధితసమూహాన్ని నిష్కళంకంగా చూపడం కళకు అవసరం కాదు; వారిలోని దోషాన్ని దాచనవసరమూ లేదు. కానీ దోషాన్ని హత్యాకాండకు కారణంగా నిలిపినప్పుడు, కారణానికీ సమర్థనకూ మధ్య ఉన్న గీతను కథే గీయాలి.

చిత్రం ఆ గీతను కొంతవరకు గీసింది. వెసెమిర్‌కు ఈ రహస్యం తెలియదు. తెలిసినప్పుడు అతడు దానిని అంగీకరించడు. కొందరి నేరాన్ని జాతి మొత్తానికి అంటగట్టిన టెట్రా, తానే రాక్షసజీవులను యుద్ధంలో వాడుకొని, ఏ దోషాన్ని శిక్షించ వచ్చిందో దానినే ఆశ్రయిస్తుంది. ఈ వైరుధ్యం అర్థవంతం. అయితే ముట్టడి ఘట్టంలో కత్తుల వేగం, రక్తపాతం ఆక్రమించిన స్థలం ఆలోచనకు మిగలలేదు. ఏమీ తెలియని శిక్షణార్థులైన బాలుర మరణాలు కూడా దృశ్యవైభవంలో కలిసిపోయాయి.

అంతకన్నా పెద్ద లోపం, నేరానికి అసలు బాధితులైన ఎల్ఫ్ బాలికల మౌనం. ప్రయోగాల నుంచి రూపుమారి బతికిన కిట్సు తన కథను తాను చెప్పుకొనే అవకాశం దాదాపు లేదు. ఆమె ముందు విచర్ల నేరానికి సాక్ష్యం, తర్వాత టెట్రాకు ఆయుధం. ఇరుపక్షాల న్యాయాన్యాయాలు తూచిన చిత్రం మూడవపక్షాన్ని తక్కెడలో పెట్టలేదు.

5. ముగింపు:
చివరకు మిగిలిన కొద్దిమంది బాలురను వెసెమిర్ చేరదీస్తాడు. వారిలో భావినాయకుడు గెరాల్ట్ ఉన్నాడు. ప్రఖ్యాతమైన ముగింపు చేరింది. కానీ కోట ఎందుకు కూలిందో వెసెమిర్ ఆ బాలురకు చెబుతాడా అన్న ప్రశ్నను చిత్రం తాకలేదు. నవలలోని వృద్ధగురువు మోసిన బరువు ప్రాణాలతో మిగిలినవాడి దుఃఖం. చిత్రం దానికి అపరాధస్మృతిని జోడించి, దాని పర్యవసానాన్ని వదిలివేసింది. కల్పన పూర్వకథలోని ఖాళీని పూరించడంతో ఆగదు, తరువాతి కథ అర్థాన్నీ మారుస్తుంది. ఈ చిత్రం చూసి నవలకు తిరిగి వెళ్ళిన పాఠకుడికి 'మాన్‌స్ట్రమ్' కేవలం అపవాదుగా కనిపించదు. ఆ మార్పుకు చిత్రం వహించవలసిన బాధ్యత పూర్తిగా వహించలేదు. అనుసృజనలను పరిశీలించేవారు మూలంతో పోలికలు, భేదాలు పట్టికగా చూపడంతో తృప్తిపడక, ప్రతి భేదమూ ఎవరి పక్షాన నిలిచిందో, ఎవరిని మౌనులను చేసిందో విచారించవలసి ఉన్నది.