చేవ చూసి చెక్కాలి

నడిగడ్డలో కొయ్య బతకడం కష్టం. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, నడుమ మానవపాడు చుట్టూ నల్లరేగడి. 40 డిగ్రీలు దాటిన ఎండకు చెక్క నెర్రెలిస్తుంది. తొలకరికి ఆ నెర్రెల్లోకి నీళ్ళు దిగుతాయి. తడి తగిలిందంటే చెదలకు పండగే. ఇలాంటి చోట తలవాకిలికి లతలూ హంసలూ చెక్కించాలనుకునేవాళ్ళు పనివాడి కన్నా ముందు కర్రను వెతకాలి.

చాలామంది చెట్టు పేరు అడిగి ఊరుకుంటారు. అనుభవం ఉన్న వడ్లాయన దుంగ కోసిన చివరను చూస్తాడు. నడుమ ముదురు రంగులో చేవ, చుట్టూ పాలిపోయిన తెల్లచెక్క. చెట్టు ముదిరేకొద్దీ నడిమి కణాలు చచ్చి, వాటిలో పురుగుకూ బూజుకూ గిట్టని పదార్థాలు చేరతాయి. చేవ అంటే అదే. తెల్లచెక్కలో మాత్రం పిండిపదార్థం మిగిలే ఉంటుంది, పురుగుకు అదే తిండి. పద్మం చెక్కేటప్పుడు ఒక్క రేకు అంచు తెల్లచెక్కలోకి జారినా కొన్నేళ్ళకు దాని కింద మెత్తటి పొడి రాలుతుంది. పక్క రేకులు మాత్రం చెక్కుచెదరవు.

డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ కర్ర మన్నికను తేల్చే పద్ధతి మొరటుగా ఉంటుంది గానీ నమ్మదగింది. చేవ ముక్కలను సగం దాకా భూమిలో పాతి, చెదలకు వదిలేసి చూస్తారు. సగటున 10 ఏళ్ళకు పైగా నిలిచింది మొదటి తరగతి. టేకు అందులోదే. మహారాష్ట్రలోని కార్లా గుహలో పైకప్పుకు అమర్చిన టేకు వాసాలు సుమారు 2,000 ఏళ్ళ నాటివి. అయితే అవి గుహ నీడలో ఉన్నాయి, వానలో కాదు. పైగా అది ముదురు టేకు. ఇప్పుడు డిపోల్లో దొరికే లేత తోట టేకులో తెల్లచెక్క వాటా ఎక్కువ. నన్నడిగితే దాని కన్నా పొలం గట్టున ముదిరిన వేపే నయం.

తుమ్మ చేవ గట్టిది. దుంగను నెలల తరబడి చెరువులో నానేస్తే పిండిపదార్థం కరిగి పోతుంది, పురుగు ఆశ తగ్గుతుంది. కానీ సన్నపని దానికి లొంగదు, ఉలి మొండివారుతుంది. అందుకే అది బండి చక్రాలకు వెళ్ళింది. నిర్మల్, కొండపల్లి బొమ్మలు చేసే పొణికి ఇందుకు పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది. వెన్నలా తెగుతుంది, బయట పెడితే నిలవదు.

అసలు తెలివంతా తేరులో కనిపిస్తుంది. మల్దకల్ తిమ్మప్ప జాతరలోనో శ్రీరంగాపురం రంగనాయకస్వామి ఉత్సవంలోనో తేరు లాగేటప్పుడు జనం పైనున్న గుడ్డల అలంకారం చూస్తారు. దక్షిణాది చెక్కడపు తేర్లలో చూడాల్సింది పీఠం. కింద ఇరుకుగా మొదలై, వరుస వరుసకూ ముందుకు పొడుచుకొస్తూ పైకి వెడల్పవుతుంది. పై వరుస కింది బొమ్మలకు చూరు. ఏడాదిలో ఎక్కువ కాలం తేరు కొట్టంలోనే ఉంటుంది కాబట్టి నీడ రెండింతలు. పూరీలో దారి వేరు, ఏటా కొత్త కర్రతో కొత్త రథాలు కడతారు, మన్నిక గొడవే లేదు. ఇక అంతర్వేది సంగతి చూడండి. 2020 సెప్టెంబరులో అక్కడి రథం కాలిపోయింది, కొత్తది 2021 ఫిబ్రవరికి సిద్ధమైంది. నిప్పు ముందు ఏ చేవా నిలవదు, అక్కడ కాపలాయే దిక్కు.

తలవాకిలికి కొట్టం ఉండదు. దానికి రక్షణ పాదం దగ్గరే మొదలవ్వాలి. దర్వాజా నిలువు కమ్మీలు మట్టిలో దిగకుండా నాపరాయి మీద నిలబెట్టాలి. చెదలు రాయిని తినలేవు, ఎక్కాలంటే మట్టి గొట్టం కట్టుకోవాలి, అది కంటికి కనిపిస్తుంది, చీపురుతో పోతుంది. కర్ర నీళ్ళు పీల్చేది ఎక్కువగా కోసిన చివరల నుంచే కాబట్టి అక్కడ నూనె రెండుమూడు పూతలు పట్టించాలి. దట్టమైన పెయింటు మెరుస్తుంది గానీ, అది పగిలిన చోట దిగిన తడి మళ్ళీ బయటికి రాదు. ఏటా ఎండాకాలానికి ముందు చెక్కడాల సందుల్లో దుమ్ము దులిపి అవిసె నూనె రుద్దడం మేలు.

డిపోకు వెళ్తే దుంగ రెండు చివరలూ చూపించమనండి. పగుళ్ళు రాకుండా రంగు పూశామంటారు. నిజంగానే అందుకే పూస్తారు. అయినా బెత్తెడు కోయించి చూశాకే బేరం మొదలుపెట్టండి.