నిరోధ శబ్దము - హార్మోను మందులు

గర్భనిరోధకము, హార్మోను నిరోధకము, రోగనిరోధకశక్తి - ఈ మూడింటికిని తెలుగువారు వాడునది ఒకే నిరోధ శబ్దము. మందు చేయు పనికిని, దేహము తన్ను తాను కాపాడుకొను పనికిని ఒకే మాట యగుటచే తికమక కలుగుచున్నది. తమిళమున నీ చిక్కు లేదు. గర్భమునకు ‘తడై’, రోగమునకు ‘ఎదిర్ప్పు’ అని వేరు మాటలు గలవు. శివకాశి చెంత తిరుత్తంగల్‌లో ఇంట తెలుగును, వైద్యశాలలో తమిళమును వినువారు ఈ భేదము నెఱుగుదురు. అయినను ‘శక్తి’ అను మాట రెండు భాషలవారిని ఒక్కతీరుగనే వంచించుచున్నది. శక్తి యన్నచో పెరుగుట, తరుగుట యను రెండే గతులు. హార్మోనుల నడ్డు మందు పుచ్చుకొన్నచో శక్తి తరిగి ప్రతి రోగమును అంటుకొనునను భయము ఇందుండియే పుట్టుచున్నది.

శాస్త్రము చెప్పునది వేరు. రొమ్ముటెముక వెనుకనుండు థైమస్ గ్రంథి టీ-కణములకు పాఠశాల వంటిది. యౌవనము వచ్చినది మొదలు అది కృశించును. వృషణములు తీసిన కుందేళ్లలో ఈ గ్రంథి పెద్దదియై యుండుటను కల్జోలారి 1898లోనే ప్రకటించెను. ప్రోస్టేటు కేన్సరునకు నేడు వేయు ల్యూప్రొలైడు సూది, మొదట కొన్నాళ్లు టెస్టోస్టిరానును రేపి, పిదప అణచివేయును. ఈ తరహా చికిత్స పొందిన వృద్ధులలో పెక్కుమందికి క్రొత్త టీ-కణములు హెచ్చిన జాడలు 2005లో వెలువడిన పరిశోధనమున కనబడినవి. తరుగునన్న చోట పెరుగుదలయే కనబడెనన్నమాట! అంతమాత్రమున రోగి బలిష్ఠుడయ్యెనని కాదు. ఎముకలును కండలును క్షీణించును, అలసట కలుగును. ఆ నీరసమునే జనులు శక్తిలోప మనుకొందురు.

స్త్రీల విషయము మరింత జటిలము. ఈస్ట్రోజెను ప్రతిరక్షకముల ఉత్పత్తికి సాయపడును. దేహము తన్ను తానే గాయపరచుకొను లూపస్ వ్యాధిగ్రస్తులలో పదింట తొమ్మండుగురు స్త్రీలే. రక్షణ హెచ్చుటయు కీడే యగు సందర్భమిది. ఇక ‘అడ్డు’ అను మాటయైనను సర్వత్ర చెల్లదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన ‘సహేలి’ మాత్ర గర్భాశయమున ఈస్ట్రోజెను నడ్డగించును, ఎముకయందు కొంత దానివలెనే పనిచేయును.

కావున శక్తి యనుటకంటె ‘దేహరక్షణ’ యనుట మేలు. మందును ‘అడ్డుమందు’ అనిన చాలును. ఇది పండితుల మాటలపట్టింపు కాదు. శక్తి పోవునను భీతిచే సూది మానిన వృద్ధునకు, అణగియున్న కేన్సరు మరల విజృంభింపవచ్చును. అతడు వైద్యుని అడుగవలసినది శక్తిని గూర్చి కాదు, తన ఎముకలను గూర్చి.