మోటుపల్లి అభయశాసనము - తీరగ్రామము

కాకతీయుల చరిత్రమును గుడి, చెరువు, కోట అను మూడింటితో చెప్పుట మనకు వాడుకయైనది. ఇది అకారణము కాదు. సిద్ధిపేట జిల్లాలోని కుకునూరుపల్లి వంటి మెట్టపల్లెలో నిలిచి చూచువానికి వానతోను చెరువుతోను ముడివడిన బ్రదుకే కానవచ్చును. చెంతనున్న కొండపాకలోని రుద్రేశ్వరాలయము కాకతీయులనే తలపించును. సముద్రము అచ్చటివారికి వినికియే కాని చూపు కాదు. అయినను ఆ రాజ్యపు మరియొక కొసను సముద్రపుటల తాకుచుండెను. ఆ కొసయే మోటుపల్లి. నేడది బాపట్ల జిల్లా చినగంజాము మండలమున ఒక చిన్న పల్లె.

ఇచ్చటి వీరభద్రాలయ మంటపస్తంభముపై గణపతిదేవుని అభయశాసనము కలదు. ఇది శాలివాహనశకము 1166, అనగా క్రీ.శ. 1244-45 నాటిది. హుల్ట్‌జ్ పండితుడు దీనిని ఎపిగ్రాఫియా ఇండికా పండ్రెండవ సంపుటమున ప్రకటించెను. ఓడలు తుపానునకు లోనై పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చినపుడు పూర్వరాజులు అందలి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలిమిని కైకొనుచుండిరట. ధనము ప్రాణముకంటెను ప్రియమని తలచి సముద్రయానమునకు తెగించినవారియెడ దయతో, కీర్తికొఱకును ధర్మముకొఱకును, నిర్ణీతశుల్కము దక్క తక్కినదెల్ల విడిచితిమని గణపతిదేవుడు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులకు శుల్కము ముప్పదింట ఒక వంతు.

ఈ శాసనమును మనవారు తఱచుగా రాజు కరుణకు నిదర్శనముగా చదువుదురు. ఆ చదువు తప్పు కాదు, చాలదు. దయ అను మాటకు ప్రక్కనే శుల్కపు లెక్కయు చెక్కబడియున్నది. ఓడలు భయపడి రాకున్నచో ముప్పదింట ఒక వంతును సున్నయే. కావున ఇచ్చట దయయు వివేకమును ఒకే నాణెమునకు రెండు ముఖములు. అంతకు మించి, శాసనము తీరపు భూగోళమునకు సాక్ష్యము పలుకుచున్నది. కోరమాండల్ తీరమున పెక్కుచోట్ల ఓడను గాలినుండి కాచు సహజమైన లోతురేవు లేదు. తరువాతి శతాబ్దుల యాత్రికులు వర్ణించినట్లు, ఓడలు దూరమున లంగరు వేయగా, పీచుత్రాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు కెరటములను దాటి సరకు దింపుచుండెను. ఈ తీరమున తుపాను ఎట్టిదో 1977 నవంబరు 19న దివిసీమ చవిచూచినది. శాసనమున ఓడ పగులుట అలంకారము కాదు, ఏటేట ఎదురుచూడదగిన ఆపద.

ఇక నా ఆక్షేపణ. ప్రాణమునకు తెగించినవాడు వర్తకుడని శాసనము చెప్పినది. కాని ఆ ఓడలో ప్రాణము తప్ప పోగొట్టుకొనుటకు ధనము లేనివారును ఉండిరి గదా! చుక్కాని పట్టినవాడు, తెరచాప దించినవాడు, పడవతో కెరటమునకు ఎదురేగిన పల్లెకారు ఎవ్వరును ఇందు కానరారు. కావ్యమును అంతే. శ్రీనాథుడు హరవిలాసమును అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చుచు సింహళపుటేనుగులను, హురుమంజి గుఱ్ఱములను, చీని పట్టులను ఏకరువు పెట్టెను. సరకుల పేళ్లు నిలిచినవి. మోసినవారి పేళ్లు నిలువలేదు. విదేశీయుని చూపును పూర్తిగా నమ్మదగినది కాదు. మార్కోపోలో ఈ రేవు పేరనే రాజ్యమంతటిని ముట్ఫిలి అని పిలిచి, సన్నని బట్టలను, వజ్రములను కొనియాడెను. కాని రాణిని గతించిన రాజు భార్యగా వ్రాసెను. రుద్రమదేవి గణపతిదేవుని కూతురు. రేవులో విన్నమాట రాజధాని యెఱిగిన మాట కాదు.

1358లో అనవోతారెడ్డి మరల ఇచ్చటనే శాసనము వేయించెను. ఊరికి ముకుళపురమని పేరు. వచ్చి స్థిరపడు వర్తకులకు ఆదరమును, వెడలదలచినవారికి అడ్డులేమియు అందు చెప్పబడినవి. నూఱేండ్లు దాటిన పిదప అభయమును తిరిగి చెప్పవలసివచ్చుటయే విచారింపదగినది. రాజు మారిన భయము మరలివచ్చును. ఱాతిపై వ్రాసిన మాటకును కాపు కావలెను.

నేడు ఆ ఓడలు లేవు. చినగంజాము చుట్టున ఉప్పుమళ్లు కలవు, తీరమున వలలు కలవు. కావున మోటుపల్లిని పరిశోధింపబూనువారు స్తంభముకడ నకలు తీసికొని మరలిపోరాదు. గాలుల పేళ్లు, పడవభాగముల పేళ్లు, మీనముల పేళ్లు తీరవాసుల నోటనుండి సేకరింపవలెను. మెట్టసీమలో చెరువు త్రవ్వించినవాని పేరే శాసనమున కలదు, త్రవ్వినవాని పేరు లేదు. తీరమునను అట్లే. ఱాయి విడిచినదానిని పలుకుబడి దాచియుండవచ్చును. ఆ పలుకుబడి మఱుగుపడకమునుపే వ్రాసికొనుట మన పని.