గట్టు వేసిన ఊలు

ఎవరైనా స్వెటర్ చేతికిస్తే నా చూపు ముందు అడుగంచు మీదికే పోతుంది. ఛాతీ మీద ఎన్ని పూలు అల్లినా, కుట్లు ఎక్కించిన తొలి వరస కింద వదులుగా వేలాడుతుంటే ఆ పనితనం మీద సగం మోజు తీరిపోతుంది. తొలి వరసంటే పని మొదలుపెట్టడమే అనుకుంటారు చాలామంది. చూసేవాళ్లకు అదే అంచు. ఆ సంగతి తెలిసినవాళ్ల చేతిలోంచి వచ్చేదే తాడంచు. నిట్టింగ్ చేసేవాళ్లు ఐ-కార్డ్ అంటారు.

ముందు తాడు సంగతి. రెండు వైపులా మొన ఉన్న సూది మీద మూడు కుట్లు ఎక్కించి అల్లుతారు. మామూలుగా వరస అయ్యాక పనిని తిప్పుతాం. ఇక్కడ తిప్పరు. కుట్లను సూది రెండో కొసకు జరిపి, ఎడమ చివర ఉండిపోయిన పోగును వెనకనుంచి లాగి, మళ్లీ మొదటి కుట్టు నుంచే అల్లుతారు. ఆ లాగుడుకు పట్టీ ముడుచుకుని గుండ్రటి తాడవుతుంది. దీనికి ఐ-కార్డ్ అని పేరుపెట్టి ఇంటింటికీ చేర్చినావిడ ఎలిజబెత్ జిమ్మర్‌మన్ (1910–1999). ఇంగ్లండులో పుట్టి అమెరికాలోని విస్కాన్సిన్‌లో స్థిరపడ్డారు. అల్లికలో తాను కొత్తగా కనిపెట్టిందేమీ లేదని, ఎక్కడో ఎవరో ముందే అల్లి ఉంటారని ఆవిడ నమ్మకం. అంత పేరొచ్చాక అలా అనుకోవడం తేలిక కాదు.

అసలు సొగసంతా ఆ తాడు అంచుగా మారేటప్పుడుంది. మూడు కుట్లలో మొదటిదాన్ని ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి అల్లి రెండు చేస్తారు. మిగతా రెండూ మామూలుగా అల్లుతారు. కుడి సూది మీద నాలుగయ్యాయి. చివరి మూడింటినీ తిరిగి ఎడమ సూదికి ఎక్కిస్తే కుడివైపు ఒకటి ఉండిపోతుంది. మళ్లీ అదే పని. తాడు ఒక్కో వరస పెరుగుతుంటే, కుడి సూది మీద ఒక్కో కుట్టు చేరుతుంటుంది. గట్టు వేసుకుంటూ పోతుంటే పక్కన మడి దానంతటదే సిద్ధమైనట్టు! దగ్గరగా పట్టుకుని చూడాలి. తాడులో కుట్లు అడ్డంగా సాగుతుంటాయి, బట్టలో నిలువుగా లేస్తుంటాయి. అదే పోగు, అదే రంగు. దిశ మారిందంతే. ఆ మలుపులో సన్నటి నీడ పడుతుంది. తర్వాత కుట్టిన ఏ ఎంబ్రాయిడరీకీ ఆ గీత రాదు.

ముదురు నీలం తాడు మీద బూడిదరంగు బట్ట మొదలుపెట్టారనుకోండి. తొలి వరస ముందువైపు నుంచి సూటిగా అల్లితే రెండు రంగుల మధ్య గీత చెదరదు. అదే పర్ల్, అంటే ఉల్టా కుట్టయితే నీలం చుక్కలు బూడిదలోకి ఎగబాకుతాయి. కొందరికి ఆ చుక్కలే ముద్దు. నాకు కాదు.

శ్రమ తక్కువేం కాదు. 200 కుట్ల శాలువాకు ఇలా 800 కుట్లు అల్లి, 600 కుట్లు వెనక్కి ఎక్కించాలి. పైగా అల్లికలో కుట్టు వెడల్పుకన్నా వరస ఎత్తు తక్కువ. అయిదు కుట్ల వెడల్పులో సుమారు ఏడు వరసలు పడతాయి. ఇక్కడ కుట్టుకు ఒక్క వరసే కాబట్టి తాడు పొట్టిదై బట్టను లోపలికి గుంజుతుంది. అంచు వరకు లావు సూది వాడితే సర్దుకుంటుంది. టోపీకి, మేజోళ్లకు మాత్రం ఈ అంచు నేను మెచ్చను. అక్కడ సాగాలి, ఇది అంతగా సాగదు.

చివర మిగిలే మూడు కుట్లను కలిపేసి ముగించేవాళ్లే ఎక్కువ. ముగించకుండా వాటినే పక్క అంచుగా పైకి తీసుకుపోయినవాళ్ల పని చూడాలి. మూల దగ్గర బట్టతో సంబంధం లేకుండా ఒకట్రెండు వరసలు అదనంగా అల్లితే, తాడు అతుకన్నది లేకుండా వంపు తిరిగి పక్కగా లేస్తుంది.

పసిపాప దుప్పటి మొదలుపెట్టబోతుంటే ఈసారి ఈ అంచు ఎక్కించండి. జానెడు అల్లాక సూది మీదుండగానే బల్లమీద పరిచి చూడండి. ముడుచుకుంటుంటే మొహమాటపడకుండా విప్పేసి, ఇంకాస్త లావు సూది అందుకోండి.