చెలమల మీద నిలిచిన దీవి

ఎండాకాలం చెయ్యేరులో ఇసుక తోడితే చెలమ ఊరుతుంది. రాజంపేట చుట్టుపక్కల పల్లెల్లో పెరిగినవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏరంతా ఎండిపోయి తెల్లగా మెరుస్తుంటుంది. మోచేతి లోతు తోడి కాసేపు ఓపిక పడితే, చుట్టూ ఉన్న ఇసుకలోంచి నీళ్లు మెల్లగా ఆ గుంటలోకి దిగుతాయి. అదే పని బంకమట్టిలో చేసి చూడండి. మట్టి తడిగానే ఉంటుంది, కానీ గుంటలోకి చుక్క రాదు. ఇసుక నీటికి దారి ఇస్తుంది. బంకమన్ను నీటిని బిగబట్టుకుంటుంది.

ఈ ఒక్క తేడాను నమ్ముకుని జపాన్ ఇంజనీర్లు నడిసముద్రంలో నేలను పుట్టించి దాని మీద విమానాలు దించారు. ఒసాకా అఖాతంలో, ఒడ్డుకు ఐదు కిలోమీటర్ల దూరాన ఉన్న కన్సాయ్ అంతర్జాతీయ విమానాశ్రయం సంగతి ఇది. సముద్రం మొహం చూడని మెట్టసీమలో కూర్చుని నేను దాని గురించి రాయడానికి కారణం ఉంది. చెరువు కట్టల మధ్య బతికినవాళ్లకు మట్టి పని విలువ తెలుసు. నాకు తెలిసినంతలో మనుషులు చేసిన మట్టి పనుల్లో ఇంత ఓర్పుగా సాగింది మరొకటి లేదు.

అసలు సముద్రంలోకి ఎందుకు పోవాల్సి వచ్చింది? ఒసాకా పాత విమానాశ్రయం ఇటామి చుట్టూ ఇళ్లు కిక్కిరిసిపోయాయి. జెట్ విమానాల మోతకు జనం నిద్రలు పోయాయి, వాళ్లు కోర్టులకెక్కారు. రాత్రి పూట విమానాలు ఆపాల్సి వచ్చింది. రేయింబవళ్లు నడిచే విమానాశ్రయం కావాలంటే ఇళ్లు లేని చోటు వెతకాలి. అలాంటి చోటు నేల మీద దొరకలేదు. 1975లో నాగసాకి వాళ్లు సముద్రంలో ఉన్న ఒక చిన్న దీవిని చదును చేసి, పెంచి, దాని మీద విమానాశ్రయం తెరిచారు. కన్సాయ్‌కి ఆ ఆధారం కూడా లేదు. అక్కడ ఉన్నది నీళ్లు మాత్రమే. దీవిని అడుగు నుంచి కట్టుకుంటూ రావాలి.

ఆ అడుగు ఎలాంటిదో చూద్దాం. ముందు 18 మీటర్ల లోతు నీళ్లు. దాని కింద సుమారు 20 మీటర్ల మందాన మెత్తటి బంకమన్ను. ఇది నీళ్లు పట్టిన స్పాంజి లాంటిది. దాని కింద ఇంకా పాతకాలపు బంకమట్టి, ఇసుక పొరలు ఒకదాని మీద ఒకటిగా కొన్ని వందల మీటర్ల లోతు దాకా ఉన్నాయి. ఇలాంటి నేల మీద కొండంత బరువు పెడితే రెండు జరుగుతాయి. బరువుకు మట్టిలోని నీళ్లు కొద్దికొద్దిగా బయటికి పోతాయి. పోయిన నీళ్ల మేరకు నేల కుంగుతుంది. బంకమన్ను నీటిని అంత తేలిగ్గా వదలదు కాబట్టి, ఈ కుంగడం ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది. కొన్ని చోట్ల ఎక్కువ, కొన్ని చోట్ల తక్కువ కుంగితే రన్‌వే వంకర పోతుంది, గోడలు బీటలు వారతాయి.

ఇక్కడే చెలమ పని చేసింది. ఇంజనీర్లు ఆ మెత్తటి మట్టి పొరలోకి ఇసుక స్తంభాలు దించారు. ఒక్కొక్కటి 40 సెంటీమీటర్ల వ్యాసం, సుమారు 20 మీటర్ల పొడవు. వరి నాటు వేసినట్టు, రెండున్నర మీటర్లకు ఒకటి చొప్పున, సముద్రం అడుగంతా వరుసలు తీర్చారు. మొదటి దీవి కిందే ఇలాంటివి దాదాపు 10 లక్షలు ఉన్నాయి. అన్నింటినీ కొనకు కొన పేరిస్తే 20 వేల కిలోమీటర్లు, అంటే భూమి చుట్టుకొలతలో సగం. నీటి అడుగున, కంటికి కనిపించని చోట, ఆ స్తంభాలన్నింటినీ పడవల మీద నుంచి గురి చూసి దించిన పని అది.

ఈ స్తంభాలు బరువు మోయడానికి కావు. అవి నీళ్లు బయటికి పోవడానికి వేసిన దారులు. ఇంతకుముందు మట్టిలో చిక్కుకున్న నీరు మీటర్ల కొద్దీ పాకి పైకి రావాలి. ఇప్పుడు పక్కనే ఉన్న ఇసుకలోకి మీటరు, మీటరుంపావు నడిస్తే చాలు. మట్టి శాస్త్రంలో ఒక లెక్క ఉంది. నీరు నడవాల్సిన దూరం సగమైతే పట్టే కాలం నాలుగో వంతవుతుంది. దూరం పదో వంతైతే కాలం నూరో వంతే. అందుకే తరాలు పట్టాల్సిన కుంగుడు నెలల్లో ముగిసింది. నేల కుంగడాన్ని ఆపాలని వాళ్లు చూడలేదు. ఎలాగూ కుంగేదాన్ని తామున్నప్పుడే, తమ కళ్ల ముందే కుంగిపొమ్మన్నారు. నన్ను బాగా ఆకట్టుకున్న ఆలోచన ఇదే.

పని 1987లో మొదలైంది. ముందు దీవి చుట్టూ రాతి గోడ కట్టారు. చాలా వరకు అది నిటారు గోడ కాదు. మన చెరువు కట్టకు లోపలి వైపు రాళ్లు పరిచినట్టు, ఏటవాలుగా దిగే రాతి వాలు. అల వచ్చి కొట్టకుండా వాలు మీద పాకి బలం పోగొట్టుకుంటుంది. ఆ రాళ్ల సందుల్లో తర్వాత సముద్రపు నాచు పెరిగింది, చేపలు చేరాయి. గోడ పూర్తయ్యాక లోపల మట్టి పోశారు. దగ్గరి కొండల్ని తవ్వి, అడుగు తెరుచుకునే పడవల్లో తెచ్చి కుమ్మరించారు. మొదటి దీవికి పట్టిన మట్టి, రాయి సుమారు 18 కోట్ల ఘనపు మీటర్లు. మన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు, 2021లో కట్ట తెగకముందు, నిండితే పట్టిన నీళ్లు 2.24 టీఎంసీలు. ఆ జలాశయం దాదాపు మూడుసార్లు నిండేంత మట్టిని మోసుకొచ్చారన్నమాట. కుప్పగా పోస్తే ఒకచోట బరువెక్కి కింది మట్టి పక్కకు జారిపోతుంది. అందుకని చాప పరిచినట్టు పల్చటి పొరలుగా, కింది మట్టి గట్టిపడే కొద్దీ పైన పోసుకుంటూ వచ్చారు. నీళ్ల లోతు 18 మీటర్లే అయినా పోసిన మందం 30 మీటర్లు దాటింది. కుంగబోయేదాన్ని ముందే లెక్కలో కలుపుకున్నారు.

అలా పుట్టిన 510 హెక్టార్ల నేల మీద 3,500 మీటర్ల రన్‌వేతో 1994 సెప్టెంబరు 4న విమానాశ్రయం తెరిచారు. ఒడ్డుతో దాన్ని కలిపేది 3.75 కిలోమీటర్ల రెండంతస్తుల వంతెన. పైన రోడ్డు, కింద రైలు. తర్వాత పక్కనే ఇంకా లోతు నీళ్లలో రెండో దీవి లేచింది. దాని 4,000 మీటర్ల రన్‌వే 2007లో వాడుకలోకి వచ్చింది.

మెత్తటి పొర లెక్క ప్రకారమే కుంగి కుదురుకుంది. దాని కింద వందల మీటర్ల లోతు దాకా ఉన్న పాత పొరలు మాత్రం లెక్కకు లొంగలేదు. ఇసుక స్తంభాలు అంత లోతుకు చేరవు. తెరిచిన ఏడాది దీవి 50 సెంటీమీటర్లు కుంగింది. పని మొదలైనప్పటి నుంచి నేటికి మొదటి దీవి సగటున 13 మీటర్లకు పైగా దిగిపోయింది. నాలుగంతస్తుల మేడ ఎత్తు అది. ఈ సంగతి తెలిసిన వెంటనే చాలామంది దీవి మునిగిపోతోందని తేల్చేస్తారు. వేగం ఎంత ఉందో కూడా చూడాలి. ఏడాదికి 50 సెంటీమీటర్లున్నది ఇప్పుడు ఆరు సెంటీమీటర్ల దగ్గరికి వచ్చింది. దీవి మీద 17 చోట్ల ఎప్పటికప్పుడు కొలిచి, ఆ అంకెల్ని విమానాశ్రయమే అందరికీ చెబుతుంది. తమ పని ఎంత కుంగిందో దాచకుండా చెప్పుకునే కట్టడాలు లోకంలో ఎన్ని ఉన్నాయి?

కుంగే నేల మీద కట్టిన భవనం పనితనం ఇంకా ముచ్చటైనది. ఇటలీ వాస్తుశిల్పి రెంజో పియానో 1988లో పోటీలో గెలిచి దీని రూపం గీశాడు. ఐర్లండ్‌లో పుట్టిన పీటర్ రైస్, ఓవ్ ఆరప్ సంస్థ ఇంజనీర్లు దానికి ఎముకలు అమర్చారు. 1.7 కిలోమీటర్ల పొడవున్న ఆ భవనం చూడటానికి రెక్కలు చాపి వాలిన పక్షిలా ఉంటుంది. దాని బరువంతా మోసే స్తంభాలు సుమారు 900. ప్రతి స్తంభం పాదం దగ్గర జాకీ పెట్టి లేపే ఏర్పాటు ఉంది. ఎక్కడ నేల మిగతా చోట్లకన్నా ఎక్కువ దిగిందో కొలతలు చెబుతాయి. అక్కడికి మనుషులు వెళ్లి, జాకీతో స్తంభాన్ని కాస్త ఎత్తి, కింద ఉక్కు పలక దూర్చి, మళ్లీ దించుతారు. కుంటుతున్న బల్ల కాలి కింద మనం చెక్క ముక్క పెట్టినట్టే. ఇంత పెద్ద భవనానికి, లోపల జనం తిరుగుతుండగానే, ఆ పని చేయవచ్చని ముందే ఊహించి స్తంభం పాదాన్ని అలా మలిచారు. గోడలు, మెట్లు కూడా ఆ కదలికకు సర్దుకునేలా అమర్చారు.

పైకప్పు సంగతి చూడండి. అంత పొడవున్న వంపు కప్పుకు మామూలుగా ప్రతి రేకూ వేరే కొలతలో కోయాల్సి వస్తుంది. వీళ్లు ఆ వంపును 16.4 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న ఒక పెద్ద చక్రంలోంచి కోసి తీసిన ముక్కగా గీశారు. అందువల్ల 82 వేలకు పైగా స్టెయిన్‌లెస్ స్టీలు పలకలూ ఒకే కొలతకు వచ్చాయి. ఒకే అచ్చులో తీసిన ఇటుకలతో గోపురం కట్టినట్టు. కప్పు రెండు కొసలకు పోయేకొద్దీ దిగుతూ పోవడంలోనూ అర్థం ఉంది. కంట్రోల్ టవర్‌లో కూర్చున్నవాళ్లకు ఆగి ఉన్న విమానాల తోకలు అడ్డం లేకుండా కనిపించాలి. ప్రధాన హాలులో కప్పు వంపు కూడా అందం కోసం మాత్రమే గీసింది కాదు. ఒక వైపు నుంచి వదిలిన చల్లగాలి ఏ దారిన సాగి, ఎక్కడ దిగుతుందో లెక్క కట్టి, ఆ దారికి తగ్గట్టు వంచారు. 80 మీటర్లకు పైగా వెడల్పున్న ఆ హాలులో గాలి గొట్టాలు వేలాడవు. కప్పే గాలిని నడిపిస్తుంది. ఆ గాలికి మెల్లగా కదలేలా సుసుము షింగు చేసిన శిల్పాలు వేలాడుతుంటాయి. కంటికి కనబడని గాలికి అవి సాక్ష్యం.

పనితనానికి మొదటి పరీక్ష త్వరగానే వచ్చింది. తెరిచి ఐదు నెలలు నిండకముందే, 1995 జనవరి 17 తెల్లవారుజామున, అదే అఖాతం ఒడ్డున ఉన్న కోబె నగరాన్ని భూకంపం కూల్చింది. ఆరు వేల మందికి పైగా చనిపోయారు. కోబె దగ్గర సముద్రం పూడ్చి చేసిన నేలల్లో ఇసుక నీళ్లతో కలిసి బురదగా పైకి ఎగజిమ్మింది. కన్సాయ్ భవనం పెద్ద దెబ్బేమీ లేకుండా నిలిచింది.

రెండో పరీక్షలో మాత్రం నీరు గెలిచింది. 2018 సెప్టెంబరు 4న, తెరిచి సరిగ్గా 24 ఏళ్లు నిండిన రోజున, జెబి తుపాను అలలు గోడలు దాటాయి. మొదటి దీవి రన్‌వే మునిగింది. గాలికి లంగరు నిలవని ఒక ట్యాంకర్ నౌక వచ్చి వంతెనను గుద్దింది. వేలమంది ఆ రాత్రి దీవి మీద చిక్కుకున్నారు. కుంగిన మేరకు గోడ ఎత్తూ తగ్గుతుంది కాబట్టి దాన్ని ఎప్పటికప్పుడు లేపుతూ ఉండాల్సిందే. తుపాను తర్వాత గోడల ఎత్తు ఇంకా పెంచారు, రన్‌వేనూ లేపారు. పని అయిపోయిందని చేతులు కడుక్కునే రోజు ఆ దీవికి ఎప్పటికీ రాదు. దాన్ని కట్టినవాళ్లకు ఆ సంగతి మొదటి రోజు నుంచే తెలుసు.

ఇదంతా చదువుతుంటే నాకు పోరుమామిళ్ల చెరువు గుర్తుకొస్తుంది. మన కడప సీమలోనే, 1369లో, మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని అక్కడి సంస్కృత శాసనం చెబుతుంది. ఆ శాసనం దానగుణాన్ని పొగిడి ఊరుకోలేదు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు లెక్కపెట్టింది. నీటి శాస్త్రం తెలిసిన మనిషి కావాలంది. గట్టి నేల కావాలంది. పని తెలిసిన మనుషులు కావాలంది. దోషాల్లో ఒకటి కట్ట నుంచి నీరు ఊరడం. రాతి మీద గొప్పలతో పాటు దోషాలనూ చెక్కించిన ఆ మనసుకూ, కుంగిన సెంటీమీటర్లను ప్రకటించే కన్సాయ్ మనసుకూ నాకు తేడా కనిపించదు.

మన సీమలో దశబంధం ఇనాములు ఉండేవి. చెరువు కట్టినవాడికీ, దాన్ని కాపాడేవాడికీ మాన్యం. ఆ మాన్యం తింటున్నంత కాలం కట్ట మరమ్మత్తు అతని బాధ్యత. నీరుగంటి కట్ట మీద నడుస్తూ ఎక్కడ ఊట చెమ్మ కనిపిస్తుందో, ఎక్కడ ఎలుక బొరియ పడిందో చూసేవాడు. కట్టడం ఒకరోజు ముగిసే పని కాదని పాత తరాలకు తెలుసు.

2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకు కొట్టుకుపోయింది. పులపత్తూరు, తొగూరుపేట, మందపల్లి పల్లెల మీద ఇసుక మేటలు వేసింది. పదుల సంఖ్యలో మనుషులు పోయారు. ఆ ఇసుకను తోడి ఇంటి గడప వెతుక్కున్నవాళ్లు మా ఊళ్ల చుట్టూ ఉన్నారు. వాళ్ల ముందు నిలబడి ఎక్కడో జపాన్ దీవి గొప్ప చెప్పడం నాకు తేలిక కాదు. కానీ ఆ దీవి గురించి వాళ్లకే చెప్పాలనిపిస్తుంది. మట్టి కుంగుతుంది, నీరు దారి వెతుక్కుంటుంది. ఈ రెండూ తెలిసినవాళ్లు సముద్రంలో పది లక్షల చెలమలు తోడి నేలను నిలబెట్టారు. ఈ రోజు కూడా అక్కడ ఎవరో ఒక మనిషి కొలబద్ద పట్టుకుని, నిన్నటికీ నేటికీ దీవి ఎంత దిగిందో రాసుకుంటూ ఉంటాడు. చెయ్యేరు మీద కొత్త కట్ట లేచిన రోజున, దాని మీద కూడా అలాంటి మనిషి ఒకడు రోజూ నడవాలి.